వైన్ రిఫరెన్స్ పుస్తకం కొనేముందు దాన్ని పరీక్షించడం ఎలా?

బెంగళూరు రెస్టారెంట్లలో వడ్డన సిబ్బందికి వైన్ గురించి పాఠాలు చెప్పడం నా వృత్తి. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో, పాత పుస్తకాల దుకాణంలో చవకగా దొరికిన ఒక లావుపాటి పుస్తకాన్ని నమ్ముకుని, ప్రొసెకో అనేది ఇటలీలో పండే ఒక ద్రాక్ష రకం పేరని తరగతి మొత్తానికీ రాయించాను. ఆ పుస్తకం అచ్చయిన నాటికి అది నిజమే. కానీ 2009లో ఇటలీ ఆ పేరును ఒక ప్రాంతానికి, అక్కడ తయారయ్యే వైన్‌కు మాత్రమే పరిమితం చేసి, ద్రాక్షను గ్లెరా అని పిలవాలని నిర్ణయించింది. నా తరగతిలో కూర్చున్న ఒక అమ్మాయి ఆ తర్వాత ఉద్యోగపు ఇంటర్వ్యూలో నేను రాయించిన మాటనే అప్పజెప్పి, తప్పనిపించుకుని వచ్చింది. ఆమె నన్నేమీ అనలేదు గాని, పుస్తకం ఎప్పటిదో చూసుకోకుండా అందులోని మాటను నేటి మాటగా చెప్పినందుకు నాకు చాలా బాధ కలిగింది. అప్పటి నుంచి ఏ వైన్ పుస్తకాన్నీ అట్టను చూసో, బరువును చూసో కొనడం మానేశాను. సమాధానం నాకు ముందే తెలిసిన కొన్ని ప్రశ్నలను వెంట తీసుకువెళ్లి, దుకాణంలోనే నిలబడి పుస్తకాన్ని అడుగుతాను. ఆ ప్రశ్నలేమిటో, వచ్చిన సమాధానాన్ని బట్టి పుస్తకాన్ని ఎలా అంచనా వేయాలో ఇక్కడ వివరిస్తాను.

మన ఊళ్లలో ‘వైన్స్’ అన్న బోర్డు మద్యం దుకాణాలన్నింటికీ ఉంటుంది కనుక, ఆ మాట వినగానే మనకు తోచే అర్థం వేరు. ద్రాక్షరసాన్ని పులియబెట్టి చేసే ఈ ఒక్క పానీయం వెనుక ఉన్న భూగోళం, వృక్షశాస్త్రం, రసాయనశాస్త్రం, చట్టం మన ఇళ్లలో గాని, బడుల్లో గాని చెవిన పడేవి కావు. హోటల్ మేనేజ్‌మెంట్ చదివే పిల్లలైనా, కేవలం ఆసక్తి కొద్దీ తెలుసుకోవాలనుకునేవారైనా దాదాపు పూర్తిగా పుస్తకం మీదే ఆధారపడవలసి వస్తుంది. చుట్టూ తెలిసిన పెద్దలు ఉన్న దేశంలో పుస్తకం తప్పు చెప్తే ఎవరో ఒకరు సరిదిద్దుతారు. మనకు ఆ వసతి లేదు.

మొదట మీకు ఏ తరహా పుస్తకం కావాలో తేల్చుకోండి. బ్రౌణ్య నిఘంటువును మొదటి పుట నుంచి చివరి పుట దాకా ఎవరూ చదవరు. అవసరం పడినప్పుడు తీసి, చూసి, మళ్లీ అరలో పెడతారు. వైన్‌లోనూ అలా అక్షరక్రమంలో కూర్చిన గ్రంథాలు ఉన్నాయి. ఫలానా మాటకు అర్థమేమిటి, ఫలానా పద్ధతి ఎలా జరుగుతుంది అన్న సందేహాలకు అవి సరిపోతాయి. రెండు పక్కపక్క ఊళ్ల వైన్లు వేర్వేరుగా ఎందుకు ఉంటాయన్న ప్రశ్నకు కొండవాలు, నది, ఎత్తు చూపే పటాలు కావాలి కనుక, దానికి అట్లాసు మేలు. ద్రాక్ష రకాలకే అంకితమైన గ్రంథాలు వేరుగా ఉన్నాయి. ఏటేటా వెలువడే చేతిపుస్తకం పంచాంగం లాంటిది. ఆ ఏడాది గడిచాక దాని అవసరం చాలావరకు తీరిపోతుంది. మీకు ఏది కావాలో తోచకపోతే, ఒక నెలపాటు వచ్చిన సందేహాలన్నీ ఒక చిన్న నోటు పుస్తకంలో రాసుకోండి. నెలాఖరున వాటిని వరుసగా చదివితే, ‘ఏమిటి’ అన్న ప్రశ్నలు ఎక్కువో, ‘ఎక్కడ’ అన్నవి ఎక్కువో, ‘ఎందుకు’ అన్నవి ఎక్కువో మీకే తెలిసిపోతుంది.

ఇక దుకాణానికి వెళ్దాం. గత ఏడాది ఒక ఆదివారం, మా దగ్గర పనిచేసే హిందూపురం కుర్రాణ్ణి వెంటబెట్టుకుని చర్చ్ స్ట్రీట్‌కు వెళ్లాను. బ్లాసమ్, బుక్‌వర్మ్ వంటి దుకాణాలు ఆ వీధిలోనే ఉన్నాయి కనుక, కొత్త పుస్తకాలూ పాతవీ ఒకే పూటలో చూడవచ్చు. అతను అరలోంచి రంగురంగుల బొమ్మలున్న ఒక పెద్ద పుస్తకాన్ని తీసి, ద్రాక్షతోటల ఛాయాచిత్రాలు తిరగేయసాగాడు. ‘ముందు చివరి పుటలు తియ్యి, సూచిక చూడు’ అన్నాను. ‘అన్నా, మా తట్టు కాసే బెంగళూరు బ్లూ ఉందేమో చూస్తా’ అని, ఇంగ్లీషు అక్షరక్రమంలో ‘బి’ కింద వేలు పెట్టి దించుకుంటూ వచ్చాడు. బాండోల్ తర్వాత నేరుగా బాన్యుల్ వచ్చింది. రెండూ ఫ్రాన్స్ దక్షిణ తీరపు వైన్లు. ఆ రెంటి నడుమ ఉండవలసిన మన ద్రాక్ష లేదు. ‘ల్యాదన్నా’ అని పుస్తకం మూసి, అట్ట మీది ‘ప్రపంచమంతటి వైన్లు’ అన్న ఉపశీర్షిక వైపు కాసేపు చూసి, దాన్ని మళ్లీ అరలో పెట్టేశాడు.

సూచికతో మొదలుపెట్టమని చెప్పడానికి కారణం ఉంది. రిఫరెన్స్ పుస్తకంలో విషయం ఎంత ఉన్నా, వెతికినప్పుడు దొరకకపోతే లేనట్టే. రీస్లింగ్ (ఒక తెల్ల ద్రాక్ష రకం) అన్న మాట పక్కన వరుసగా ముప్ఫై పుటల సంఖ్యలు గుప్పించి ఊరుకున్న సూచిక పనికిరాదు, ఎందుకంటే మీరు ముప్ఫై చోట్లా వెతుక్కోవాలి. అదే మాట కింద జర్మనీ, ఆల్సాస్, ఆస్ట్రేలియా, నిల్వ, వాసన అని విడగొట్టి, ప్రధాన వివరణ ఉన్న పుటను ముద్దక్షరాల్లో చూపినట్లయితే, ఆ సూచికను శ్రద్ధతో చేశారని అర్థం. అక్షరక్రమంలో ఉన్న గ్రంథమైతే, ఒక వివరణలోంచి మరో వివరణకు దారి చూపే గుర్తులు ఉన్నాయో లేదో గమనించండి.

సూచిక బాగుందనిపిస్తే, పుస్తకం ఎంత తాజాదో చూడాలి. హక్కుల పుటలో ఉన్న సంవత్సరం ఒక్కటే చాలదు. పాత పాఠాన్నే కొత్త అట్టతో మళ్లీ అచ్చువేయడం ఉన్నదే. ‘పునర్ముద్రణ’ అన్న మాటకూ ‘సవరించిన కూర్పు’ అన్న మాటకూ తేడా గమనించి, ఆ తర్వాత ప్రొసెకో దగ్గరికి వెళ్లండి. గ్లెరా అన్న పేరు కనబడకపోతే ఆ పాఠం 2009 తర్వాత సవరించబడలేదు. దీనికన్నా కొత్త పరీక్ష ఫ్రాన్స్‌లోని బోర్డోది. ఎండలు పెరుగుతున్నందున బోర్డో ప్రాంతంలో తురీగా నాసియొనల్, అల్వరీన్యో వంటి ఆరు కొత్త ద్రాక్ష రకాలకు 2021లో అనుమతి వచ్చింది. వాటి ప్రస్తావన ఉంటే పుస్తకం ఈ దశాబ్దానిదే. మరీ పాత పుస్తకాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడు కాబెర్నే సావిన్యోను చూడండి. కాబెర్నే ఫ్రాన్, సావిన్యో బ్లాన్ అనే రెండు రకాల సంకరం వల్ల అది పుట్టిందని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ ప్రాంగణ పరిశోధకులు డీఎన్ఏ పరీక్షల ద్వారా తేల్చి 1997లో ప్రకటించారు. దాని పుట్టుకను ఇంకా రోమన్ల కాలపు ఊహలతో వివరిస్తున్న పుస్తకాన్ని ద్రాక్ష వంశాల విషయంలో నమ్మకూడదు.

తాజాదనం కన్నా లోతు ముఖ్యమని నా అభిప్రాయం. లోతును పరీక్షించడానికి నేను ఎప్పుడూ తెరిచేది కార్మెనేర్ అన్న పేరు. అలసత్వంతో రాసిన పుస్తకం దాన్ని ‘చిలీ దేశపు ఎర్ర ద్రాక్ష’ అని ఒక్క వాక్యంలో ముగిస్తుంది. మంచి పుస్తకం కథ మొత్తాన్ని క్లుప్తంగానైనా చెబుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో, ఫిలాక్సెరా అనే వేరు పురుగు ఐరోపా తోటలను నాశనం చేయకముందే, బోర్డో నుంచి చిలీకి తీసుకెళ్లిన కొమ్మల్లో ఇదీ ఉంది. బోర్డోలో అది దాదాపు అంతరించిపోగా, చిలీలో మెర్లో అనే మరో ఎర్ర ద్రాక్ష మొక్కల మధ్య కలిసిపోయి, మెర్లోగానే చెలామణీ అయింది. 1994లో జాన్‌మిషెల్ బుర్సికో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు తోటలో మొక్కలను చూసి ఇది మెర్లో కాదని గుర్తించాడు. ఇంతవరకు చెప్పినా మంచిదే. ఇంకా మంచి పుస్తకం మరో మెట్టు ఎక్కి, కార్మెనేర్ మెర్లో కన్నా వారాల తరబడి ఆలస్యంగా పండుతుందనీ, రెండింటినీ కలిపి ఒకేసారి కోసినప్పుడు సగం పచ్చిగానే ఉండి వైన్‌లో క్యాప్సికం వాసన వచ్చేదనీ చెబుతుంది. ఆ వాక్యం చదివిన వడ్డించేవాడికి గ్లాసులోని వాసనకూ తోటలో జరిగిన పొరపాటుకూ ఉన్న సంబంధం తెలుస్తుంది. ఎవరు కనుగొన్నారు, ఎప్పుడు, ఎలా, దాని ఫలితమేమిటి అన్న నాలుగింటిలో కనీసం మూడు చెప్పని వివరణను నేను వివరణగా లెక్కించను.

తర్వాతి ప్రశ్న మన నేలది. వైన్ ద్రాక్ష 30 నుంచి 50 డిగ్రీల అక్షాంశాల మధ్యనే పండుతుందని చాలా పుస్తకాలు మొదటి అధ్యాయంలోనే రాస్తాయి. బెంగళూరు ఉన్నది 13 డిగ్రీల దగ్గర. అయినా 1980లలోనే కన్వల్ గ్రోవర్ అనే వ్యాపారి, ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతానికి చెందిన వైన్ నిపుణుడు జార్జ్ వెసెల్ సలహాతో నంది కొండల దగ్గర ఫ్రెంచి ద్రాక్ష రకాలను నాటించారు. ఆ తోటల వైన్ నేడు బెంగళూరులో ఎక్కడైనా దొరుకుతుంది. కనుక అక్షాంశాల సూత్రాన్ని చెప్పి ఊరుకున్న పుస్తకం మన కళ్ల ముందున్నదాన్నే కాదంటున్నది. సముద్రమట్టం నుంచి సుమారు 900 మీటర్ల ఎత్తు ఈ ప్రాంతానికి ఇచ్చే చల్లదనాన్ని, ఆపై కత్తిరింపు పద్ధతిని వివరించినప్పుడే ఆ పుస్తకానికి ఉష్ణమండలం గురించి తెలుసని నమ్మవచ్చు. చలిదేశాల్లో ద్రాక్ష తీగ శీతకాలమంతా నిద్రపోతుంది. ఇక్కడ అంతటి చలి లేదు కనుక తీగకు నిద్ర ఉండదు. రైతు ఏప్రిల్ ప్రాంతంలో ఒకసారి, వానలు తగ్గుముఖం పట్టే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మరోసారి కత్తిరించి, పంట వానల్లో చిక్కుకోకుండా పొడి కాలంలో చేతికి వచ్చేలా చూస్తాడు. చిక్కబళ్లాపురం వైపు తోటల్లో మీరు తెలుగులోనే అడిగినా ఈ సంగతి చెప్పే రైతులు ఉన్నారు. భారతదేశం గురించి ఒక్క పేరా రాసినా, ఆ పేరాలో రెండుసార్ల కత్తిరింపు ఉందా అని చూడండి. మహారాష్ట్ర 2001లోనూ, కర్ణాటక 2007లోనూ ద్రాక్ష, వైన్‌ల కోసం ప్రత్యేక విధానాలు తెచ్చాయి. నాసిక్ ఒక్కదాన్నే చెప్పి కర్ణాటకను వదిలేసిన పేరా పాతదో, తొందరలో రాసినదో అయి ఉంటుంది.

బెంగళూరు బ్లూ సంగతి కొంచెం వేరు. అది ప్రధానంగా రసానికి, జామ్‌కు, చవక పోర్ట్ తరహా వైన్‌కు వాడే రకం కనుక, ఒక పుస్తకంలో లేనంత మాత్రాన ఆ పుస్తకాన్ని పూర్తిగా తోసిపుచ్చనక్కరలేదు. అయితే అది చేరే కోవకు చెందిన, అమెరికా మూలమున్న లాబ్రుస్కా జాతి ద్రాక్షల వాసనను ఆ పుస్తకం ఎలా వర్ణించిందో చూడండి. ఇంగ్లీషులో దీనికి ‘ఫాక్సీ’ అన్న మాట వాడతారు. నక్కకూ ఈ వాసనకూ ఏమిటి సంబంధమని మన పిల్లలు అడుగుతారు. ఆ వాసనకు మిథైల్ ఆంత్రనిలేట్ అనే పదార్థం ముఖ్య కారణమని, బజారులో దొరికే ద్రాక్ష రుచి మిఠాయిల్లోనూ అదే ఉంటుందని చెప్పిన పుస్తకం వాళ్లకు వెంటనే దారి చూపుతుంది.

ఈ వాసనల భాష దగ్గరే తెలుగు పాఠకులు అందరికన్నా ఎక్కువగా నష్టపోతున్నారు. సావిన్యో బ్లాన్ గురించి చదివితే ‘గూస్‌బెర్రీ’ అని ఉంటుంది; నిఘంటువులో చూస్తే ఉసిరికాయ అని ఉంటుంది. ఐరోపా వాళ్ల గూస్‌బెర్రీ వేరే మొక్క కాయ. మన ఉసిరికి దానితో చుట్టరికం లేదు. ఆ మాటను నమ్ముకుని గ్లాసులో ఉసిరి వగరు కోసం వెతికి, తమ ముక్కే పనిచేయడం లేదనుకున్న విద్యార్థులను నేను చూశాను. బ్లాక్ కరెంట్ మనలో చాలామందికి ఐస్‌క్రీం పేరుగా మాత్రమే తెలుసు. అందువల్ల పండ్ల పేర్ల పట్టికతో ముగించే పుస్తకం మనకు సగమే ఉపయోగపడుతుంది. వాసనకు మూలమైన పదార్థాన్ని కూడా చెప్పే పుస్తకం అయితే, దాన్ని పట్టుకుని మన వంటింట్లోంచి మనమే ఉదాహరణ వెతుక్కోగలం. షిరాజ్ అనే ఎర్ర వైన్‌లో వచ్చే ఘాటుకు రోటుండోన్ అనే పదార్థం కారణమని ఆస్ట్రేలియా పరిశోధకులు 2008లో ప్రచురించారు. నల్ల మిరియాల ఘాటైన వాసనకు మూలం కూడా అదే. కొందరి ముక్కుకు ఆ పదార్థం అసలే అందదన్న సంగతి కూడా అప్పుడే బయటపడింది. ఈ రెండు వాక్యాలు ఉన్న పుస్తకం చేతిలో ఉంటే, నేను తరగతిలో నాలుగు మిరియాలు దంచి, గ్లాసు పక్కన పెట్టి, ఇక వేరే మాట చెప్పనవసరం లేకుండా పాఠం ముగించగలను. అలాగే కాబెర్నేలో పచ్చి వాసనకు పైరజీన్లు అనే పదార్థాలు కారణమని చెప్తే, క్యాప్సికం కోసి చూపవచ్చు. పుస్తకం కొనేముందు సూచికలో ఈ రెండు పేర్లూ వెతకండి. ఉన్నాయంటే రచయితకు వర్ణనతో పాటు కారణం మీద కూడా దృష్టి ఉందన్నమాట.

ఎండ గురించి కూడా ఒక మాట అడగాలి. ఎర్ర వైన్‌ను ‘గది ఉష్ణోగ్రత’లో వడ్డించాలని రాసి ఊరుకున్న పుస్తకం చలిదేశపు గదిని దృష్టిలో పెట్టుకున్నది, ఆ మాటకు అర్థం సుమారు 16 నుంచి 18 డిగ్రీలు. ఏప్రిల్ మధ్యాహ్నం బెంగళూరు గదిలో గాని, ఏడాదిలో ఏ నెలలోనైనా చెన్నై గదిలో గాని ఆ సూచన పాటిస్తే వైన్‌లో సారా ఘాటు తప్ప మరేదీ తెలియదు. డిగ్రీలను అంకెల్లో ఇచ్చిన పుస్తకాన్నే ఎంచుకోండి. లోపాల అధ్యాయం తప్పనిసరిగా ఉండాలి. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే అది కార్కులోంచి వచ్చే ట్రైక్లోరోఅనిసోల్ వల్ల అని చెప్పడంతో పాటు, వేడికి పాడైన సీసాను ఎలా గుర్తించాలో కూడా చెప్పాలి. మన వాతావరణంలో గిడ్డంగిలోనో, లారీలోనో వేడెక్కిన సీసాలు అరుదు కాదు; కార్కు మూతి దాటి పైకి ఉబికి ఉండటం, వైన్‌లో ఉడికిన పండు వాసన రావడం వాటి లక్షణాలు.

రాసినవారెవరో చూడటం కూడా అవసరమే గాని, బిరుదులు మాత్రమే చూసి మోసపోవద్దు. మాస్టర్ ఆఫ్ వైన్ అనేది కఠినమైన పరీక్షలు నెగ్గినవారికే దక్కే అర్హత. భారతదేశం నుంచి దాన్ని తొలిసారి 2016లో సోనల్ హాలండ్ సాధించారు. అయినా ప్రపంచమంతటి వైన్లనూ ఒక్కరే లోతుగా తెలుసుకోవడం కష్టం. అందుకే పెద్ద గ్రంథాల్లో వివరణకు వివరణకు కింద దాన్ని రాసిన నిపుణుల పొడి అక్షరాలు ఉన్నాయో లేదో చూస్తాను. ఉంటే మట్టి గురించి మట్టి శాస్త్రజ్ఞుడు, చరిత్ర గురించి చరిత్రకారుడు రాశారని తెలుస్తుంది. వందకు ఇన్ని మార్కులని సీసాలకు అంకెలు వేసే పుస్తకాలు రిఫరెన్సుకు పనికిరావు. ఆ సీసాలు ఖాళీ అయిపోతాయి, అంకెలు మాత్రం పుటల్లో మిగిలిపోతాయి.

పేర్లు చెప్పమని అడిగేవారికి నేను చెప్పేవి ఇవి. అక్షరక్రమ గ్రంథాల్లో జాన్సిస్ రాబిన్సన్ సంపాదకత్వంలో 1994లో తొలిసారి వచ్చి, 2023లో ఐదో కూర్పు వెలువడిన ‘ఆక్స్‌ఫర్డ్ కంపానియన్ టు వైన్’. పటాలకు, హ్యూ జాన్సన్ 1971లో మొదలుపెట్టగా 2019లో ఎనిమిదో కూర్పుకు చేరిన ‘వరల్డ్ అట్లాస్ ఆఫ్ వైన్’. ద్రాక్షలకు, 1,368 రకాలను వివరించిన 2012 నాటి ‘వైన్ గ్రేప్స్’. మూడూ ఇంగ్లీషులోనివే, మూడూ ఖరీదైనవే. ఒక్కటే కొనగలిగితే మొదటిది కొనమంటాను. శైలి విషయంలో అది ద్రాక్షాపాకం కాదు, నారికేళపాకమే. ఓపికగా కొట్టుకుని తినాలి. కానీ పైన చెప్పిన పరీక్షలను వీటికీ పెట్టండి. నా మాట మీద నమ్మకంతో కొనడం కన్నా అది మేలు.

కొత్త కూర్పు కొనే స్తోమత లేకపోతే ఒక మెట్టు పాతదాన్ని నిస్సంకోచంగా తీసుకోవచ్చు. బ్రిగేడ్ రోడ్ దగ్గర 1945 నుంచి నడుస్తున్న సెలెక్ట్ బుక్ షాప్‌లోనో, అవెన్యూ రోడ్డులోనో ఓపికగా చూస్తే అప్పుడప్పుడు మంచివి తగులుతాయి. నేల, వాతావరణం, పులియబెట్టే విధానం, చరిత్ర వంటివి పదిహేనేళ్లలో పెద్దగా మారవు. మారేవి చట్టాలు, పేర్లు, సంస్థల యాజమాన్యాలు. బోర్డో వైన్ తోటలను శ్రేణులుగా పేర్చిన 1855 నాటి వర్గీకరణలాంటిది కూడా పూర్తిగా స్థిరం కాదు. 1973లో మూతోన్ రోత్‌షిల్డ్ అనే తోట రెండో శ్రేణి నుంచి మొదటి శ్రేణికి ఎక్కింది. పాత కూర్పు కొన్నప్పుడు మొదటి పుటలో దాని సంవత్సరాన్ని పెద్ద అంకెల్లో రాసిపెట్టుకుని, చట్టానికి సంబంధించిన ఏ మాటనైనా మరోచోట సరిచూసుకున్నాకే ఇతరులకు చెప్పండి.

చివరిగా పుస్తకాన్ని బల్ల మీద మధ్యకు తెరిచి, చేతులు తీసేయండి. తనంతట తాను మూసుకోకుండా నిలిస్తే పుటలను కుట్టి కట్టారని అనుకోవచ్చు. రోజూ వాడే పుస్తకానికి అది అవసరం. మెరిసే కాగితం ట్యూబులైటు కింద కళ్లకు శ్రమ, పైగా దాని మీద పెన్సిలు అంటదు. పెన్సిలుతో రాసుకోవడానికి అంచుల్లో కాస్త చోటుండాలి. పేర్ల ఉచ్చారణ ఇవ్వని పుస్తకాల్లో నేను వియోనియే, పుయీ ఫ్విసే అని తెలుగులోనే పక్కన రాసుకుంటాను. మన లిపిలో రాసుకుంటే మళ్లీ తడబడనవసరం లేదు. హిందూపురం కుర్రాడు ఆ ఆదివారం మూడు దుకాణాలు తిరిగి, ఒక మెట్టు పాత కూర్పును సగం ధరకు కొన్నాడు. మొన్న తరగతిలో అతని పుస్తకం తెరిచి చూశాను. షిరాజ్ పక్కన ‘మిరియం’ అని, ప్రొసెకో పక్కన ‘2009, గ్లెరా’ అని, ఇండియా అన్న శీర్షిక కింద ‘మా నాయన అక్టోబరులో కత్తిరిస్తాడు’ అని పెన్సిలుతో రాసి ఉంది.